తెలిసిన పగులు

తనిఖీకి వెళ్లిన చోట ధరణి మంచినీళ్లు కూడా ముట్టదు. నీళ్ల సీసా, రెండు అరటిపండ్లు సంచిలో వేసుకునే బయలుదేరుతుంది. అణు విద్యుత్ కేంద్రాల భద్రతను తనిఖీ చేసే ఇంజనీరుగా చేరిన కొత్తలో పై అధికారి ఒకాయన, వాళ్ల చాయ తాగినవాళ్లు వాళ్ల మాటను కూడా సగం మింగినట్టే అని హెచ్చరించాడు. అప్పుడు నవ్వుకుంది. పోను పోను ఆ పట్టింపు ఆమెకు ఒంటికి పట్టిన అలవాటైంది. దాని వల్ల తెగిపోయిన స్నేహాలు కొన్ని ఉన్నాయి, మానుకున్న పెళ్లి పిలుపులు కొన్ని ఉన్నాయి, వెళ్లలేకపోయిన చావు ఒకటి ఉంది.

ఆ చావు భారతమ్మది.

తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగి క్యాంపస్ వైపు నడుస్తుంటే, దారిలోనే భారతమ్మ ఇల్లున్న సందు కనబడింది. ధరణి ఆగలేదు గాని తల మాత్రం అటు తిరిగింది. గేటు ముందు ముగ్గు లేదు. దసరా వెళ్లి వారం కూడా కాలేదు, అయినా గుమ్మానికి మామిడి తోరణం ఛాయలు లేవు. ఒకప్పుడు ఆదివారం వస్తే ఆ ఇంటి వరండాలో హాస్టల్ పిల్లలు వరుసగా కూర్చునేవాళ్లు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, తినలేనంత అన్నం. ధరణి సొంత తల్లి పోయిన ఏడాది, భారతమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వింది. అప్పటి నుంచి ధరణి ఆమెను అమ్మ అనే పిలిచేది. అలాంటి మనిషి ఉగాది ముందర పోతే ధరణి ముంబై నుంచి ఫోనులో రెండు వాక్యాలు పంపి ఊరుకుంది. కారణం ఉంది. భారతమ్మ భర్త, ధరణికి చదువు చెప్పిన లక్ష్మీనర్సయ్య సారు నడిపే ల్యాబుకు సంబంధించిన కాగితాలు అప్పటికే ధరణి బల్ల మీదకు వచ్చాయి. తాను తనిఖీ చేయాల్సిన మనిషి ఇంట్లో దినం భోజనం ఎలా చేస్తుంది? కారణం సరైనదే. ఆ రెండు వాక్యాలకు సారు జవాబు ఇవ్వలేదు. అదీ సరైనదే కావచ్చు.

నిరుడు వేసవిలో ఒక అణు కేంద్రాన్ని మరమ్మతులకు ఆపినప్పుడు, రియాక్టర్‌ను చల్లబరిచే నీళ్లు మోసే గొట్టం ఒకదాన్లో, అతుకు దగ్గర, ధరణి వెంట్రుకంత పగులు చూసింది. మొదట్నుంచీ ఉందో, వాడకంలో పుట్టిందో ఎవరూ తేల్చలేకపోయారు. ఆ గొట్టం చేసిన వర్క్‌షాపే ఇప్పుడు కొత్తవి చేసింది. వాటిలోంచి నమూనాగా తీసిన ముక్కకు ఇవాళ యూనివర్సిటీ ల్యాబులో పరీక్ష. ధరణి దగ్గరుండి చూసి సంతకం పెడితే గొట్టాలు కేంద్రానికి వెళ్తాయి, పెట్టకపోతే వర్క్‌షాపు గేటు దాటవు. పగిలిన పాత గొట్టాన్ని బాగుందని పంపింది కూడా ఈ ల్యాబే. కింద లక్ష్మీనర్సయ్య సారు సంతకం ఉంది. ముంబైలో ఆ సంతకం చూసిన రోజు నుంచి ధరణి గుండెలో ఒక ముల్లు దిగబడి ఉంది.

ల్యాబు ముందు వేపచెట్టు కింద ఒక తెల్లకారు ఆగి ఉంది. వర్క్‌షాపు మేనేజరు దిలీప్ అప్పటికే వచ్చి ఉన్నాడన్నమాట. తనకంటే ముందే ఎందుకు వచ్చాడు, ఎంత ముందు వచ్చాడు అని ఆమె మనసు లెక్కలు మొదలుపెట్టింది.

లోపల నలుగురు లేచి నిలబడ్డారు. దిలీప్ పండుగ స్వీట్ల డబ్బా చాచాడు. ధరణి తల అడ్డంగా ఊపింది. రీసెర్చ్ చేసే సుప్రజ అనే అమ్మాయి కుర్చీ లాగింది. ల్యాబులో పాతికేళ్లుగా యంత్రాలు చూసుకునే రాజలింగు చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. చదువుకునే రోజుల్లో ధరణి అతన్ని అన్నా అనేది, అతను చెల్లె అనేవాడు. ఇప్పుడు నమస్తే మేడం అని నేల చూపులు చూశాడు. ఆమె చూపు అతని చేతుల మీద పడింది. వేళ్ల చివర్లు పచ్చగా ఉన్నాయి.

పసుపేంది అని అడిగింది.

ఇంట్ల పండుగ కదా మేడం, అన్నాడు. అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అనిపించింది ధరణికి.

సారు చిక్కిపోయాడు. చొక్కా కాలరు మెడకు వదులైంది. ఆయనా ఆమెను మేడం అనే పిలిచాడు. ఆ మాట దిలీప్ ముందు మర్యాద కోసం అన్నాడా, కోపంతో అన్నాడా తేలలేదు. భారతమ్మ గురించి ఏదైనా అనాలని నోరు తెరిచింది. ఆయన అప్పటికే పరీక్ష బల్ల వైపు తిరిగి, మొదలుపెడదామా అన్నాడు.

పరీక్ష చూడ్డానికి చిన్నదే. ఉక్కులో సన్నపు పగులు కంటికి ఆనదు. అందుకని దాని మీద ఎర్రటి ద్రవం పూస్తారు. పగులుంటే ద్రవం అందులోకి దిగుతుంది. కొంతసేపాగి పైనున్నదంతా తుడిచేసి తెల్లటి పొడి కొడతారు. లోపల దాక్కున్న ఎరుపు ఆ తెలుపులోకి ఊరి గీతలా బయటపడుతుంది. గీత వస్తే ముక్క చెడ్డది, తెల్లగా ఉంటే మంచిది. సారు మొదటి క్లాసులో చెప్పిన మాట ధరణికి ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎరుపు దిగాలంటే పగులు ఖాళీగా ఉండాలె, నూనె ఉన్నా మట్టి ఉన్నా దిగదు, అప్పుడొచ్చే తెలుపు అబద్ధపు తెలుపు అని. ఆ కాలంలో ల్యాబులో ఎవరైనా నిమ్మకాయో అగరుబత్తో పెడితే సారు కిటికీలోంచి బయట పారేసేవాడు. రాజలింగు ఒకసారి యంత్రానికి బొట్టు పెట్టి మూడు రోజులు తిట్లు తిన్నాడు.

రాజలింగు గొట్టం ముక్కను ద్రావకంతో తుడిచాడు. మామూలుగా తుడిచే దానికంటే ఎక్కువగా, అతుకు మీదే పదేపదే రుద్దాడు. ఎరుపు పూశాడు. ఆగారు. ఆ వ్యవధిలో దిలీప్ తన ఫోను చూసుకుంటూ, ఇది మా బెస్ట్ బ్యాచ్ మేడం, వెల్డర్లను కూడా మార్చినం, అని ఎవరూ అడగని సంగతులు చెప్పాడు. తుడిచారు. తెల్లపొడి కొట్టారు. ధరణి భూతద్దం తీసి అతుకు చుట్టూ చూసింది. పాలమీగడలాంటి తెలుపు. ఎక్కడా చిన్న ఎర్రచుక్క కూడా లేదు.

అదే ఆమెకు నచ్చలేదు. ఇన్నేళ్లలో ఆమె చూసిన అతుకుల్లో మంచివాటి మీద కూడా ఎక్కడో ఒక మూల ఎర్ర మరక కనబడుతుంది. చేతి పని అంటే అంతే. ఇంత తెలుపు ఆమె చూడలేదు.

దిలీప్ కాగితం ముందుకు జరిపి, పెన్ను మూత కూడా తీసి పెట్టాడు. ధరణి పెన్ను ముట్టుకోలేదు.

"పెద్దవ్వను తెండి" అంది.

పెద్దవ్వ అంటే ఆ ల్యాబులో ఒక ఉక్కు పలక. దాన్లో కావాలని చేసిన పగులు ఒకటి ఉంది. పరీక్ష సరిగ్గా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి అది కొలమానం. ఎరుపు పూస్తే, తెలిసిన ఆ పగులు కనబడి తీరాలి. ముసలామె నుదుటి ముడతలా గీత వస్తుందని ధరణి బ్యాచ్ పిల్లలే దానికి పెద్దవ్వ అని పేరు పెట్టారు. పద్ధతి ప్రకారం దాన్ని ముందు పరీక్షించాలి. ధరణి మాత్రం ఎప్పుడూ చివర్లో, చెప్పాపెట్టకుండా అడుగుతుంది. ముందు అడిగితే మోసం చేసేవాడు ముందే సర్దుకుంటాడని ఆమె నమ్మకం.

పెద్దవ్వ పేరు వినగానే రాజలింగు చేతిలో గుడ్డ కింద పడింది. అతను సారు వైపు చూశాడు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, తీసుకురా రాజలింగూ, అన్నాడు.

పలక పక్క గదిలో బీరువాలో ఉంటుంది. నాలుగడుగుల దూరం. రాజలింగు ఎంతసేపటికీ రాలేదు. ధరణి లేచి చప్పుడు కాకుండా వెళ్లి గుమ్మంలో నిలబడింది. అతను ఇటు వీపు తిప్పి, పలకను పొట్టకు ఆనించుకుని, గుడ్డతో గబగబా రుద్దుతున్నాడు.

ఏం తుడుస్తున్నారని అడిగితే ఉలిక్కిపడి, దుమ్ము మేడం, అన్నాడు.

ధరణి పలకను తన చేతుల్లోకి తీసుకుంది. తానే బల్ల దగ్గరికి మోసింది. తానే ఎరుపు పూసింది. ఆగింది. తానే తుడిచి, తానే తెల్లపొడి కొట్టింది.

పెద్దవ్వ నుదురు తెల్లగా ఉండిపోయింది.

సుప్రజ ముందుకు వంగి, ఇదెట్ల అయితది అని గొణిగింది. ఏళ్ల తరబడి, ఎవరు ఎన్నిసార్లు చేసినా, కనబడిన గీత కనబడలేదు. అంటే గొట్టం మంచిదని కాదు, పరీక్షే చచ్చిపోయిందని. ఎవరో పగుళ్లు పూడ్చారు. ధరణికి ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. ముందే వచ్చిన కారు, పచ్చటి వేళ్లు, రుద్దిన గుడ్డ, పాత గొట్టం కింద సంతకం, జవాబు రాని మెసేజ్. అన్నీ కలిసి ఒకే మనిషి వైపు వేలు చూపించాయి. నూనె ఉంటే ఎరుపు దిగదని తనకు నేర్పిన మనిషి వైపు. ఈ విద్య తెలిసినవాడికే కదా ఈ దొంగతనం కూడా తెలిసేది.

"సార్, ఈ వర్క్‌షాపు వాళ్లతో మీకు ఎన్నాళ్ల సంది పరిచయం?"

అడిగింది మామూలు గొంతుతోనే. కానీ ఆ గదిలో ఉన్న అందరికీ ప్రశ్న అర్థమైంది. దిలీప్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. సారు ముఖంలో రక్తం దిగిపోయింది. ఆయన చెయ్యి వెనక్కి చాపి కుర్చీ ఎక్కడుందో వెతుక్కుని కూర్చున్నాడు.

మాట్లాడింది రాజలింగు.

"సారును గట్ల అడుగుతవా చెల్లె? అడిగేది ఉంటే నన్నడుగు. తుడిచింది నేను."

"ఏం తుడిచినవన్నా?"

"బొట్టు."

అతను చెప్పుకుపోయాడు. దసరా రోజున సెలవైనా సారు ఒక్కడే ల్యాబుకు వచ్చాడు. చేతిలో భారతమ్మ కుంకుమ భరిణె. పసుపు నూనెలో తడిపి, కుంకుమ కలిపి, ల్యాబులో ఉన్న ప్రతి వస్తువుకూ తన చేత్తో బొట్టు పెట్టాడు. యంత్రానికి, కొలిమికి, భూతద్దాలకు, ఎర్రమందు డబ్బాకు. పెద్దవ్వకు. పరీక్ష కోసం వచ్చి బల్ల మీద ఉన్న గొట్టం ముక్కకు కూడా. రాజలింగు తాళం వేయడానికి వచ్చేసరికి అన్నిటికీ బొట్లున్నాయి. సారు మధ్యలో కూర్చుని ఉన్నాడు. తిట్లు తిన్నవాడు తాను, ఆ రోజు బొట్లు పెట్టింది ఆయన. ఏమని అడగాలో తెలియక, సారు బయటికి వచ్చాక తాళం వేసి వెళ్లిపోయాడు. తనిఖీ ఇవాళ అని తెలిశాక, ముంబై నుంచి వచ్చే ఆఫీసర్ల ముందు సారు నవ్వులపాలు కాకూడదని ఒక్కొక్కటీ తుడుస్తూ వచ్చాడు. గొట్టం తుడిచాడు. పెద్దవ్వ మిగిలిపోయింది.

తుడిచాడు గాని, తుడిచేకొద్దీ ఎండిన పసుపు ముద్ద పగుళ్లలోకి ఇంకా లోపలికి కూరుకుపోయింది. ఆ సంగతి అతనికి తోచలేదు.

సారు నెమ్మదిగా గొంతు విప్పాడు. "ప్రతి దసరాకు ఆమె పొట్లం కట్టి ఇచ్చేది. ల్యాబుల పెట్టుండ్రి అనేది. నేను తెచ్చి సొరుగుల పడేసి, పెట్టిన అని అబద్ధం చెప్పేటోణ్ణి. ఎన్నేండ్లు చెప్పిననో. ఈసారి ఇచ్చేటోళ్లు లేరు. పగుళ్ల సంగతి నాకు యాదికే రాలే ధరణీ. నేనే చెప్పిన పాఠం. యాదికి రాలే."

ధరణి పలక వైపు చూసింది. అప్పుడు ఆమెకు ఒక సంగతి తట్టింది. ఇంకొంచెం ముందే తట్టవలసిన సంగతి. మోసం చేయదలిచినవాడు గొట్టం పగులు పూడుస్తాడు గాని పెద్దవ్వ జోలికి పోడు. పెద్దవ్వ గీత బాగా కనబడితేనే కదా గొట్టం తెలుపును లోకం నమ్మేది. రెండూ పాడు చేసుకున్నవాడు దొంగ కాలేడు. పరీక్ష తప్పని పట్టించిన ఆ పలకే, సారు తప్పుడు మనిషి కాడని కూడా చెప్పింది. చెప్పింది గాని ప్రశ్న అప్పటికే నోరు దాటిపోయింది. కాలు జారితే నిలదొక్కుకోవచ్చు, నోరు జారితే వెనక్కి తీసుకునేదెక్కడ?

క్షమాపణ అడగలేదు. పని ఇంకా సగంలో ఉంది. పలకను, గొట్టాన్ని ద్రావకంలో నానబెట్టమంది. సుప్రజ మళ్లీ మళ్లీ ద్రావకం మార్చింది. అడుగున పసుపు మడ్డి దిగింది. తర్వాత ఓవెన్‌లో ఆరబెట్టి చల్లార్చారు. మధ్యాహ్నం దాటింది. ధరణి వేపచెట్టు కింద నిలబడి అరటిపండు తింది. కిటికీలోంచి చూస్తే సారు భోజనం డబ్బా మూత తీయకుండా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. క్యాంటీన్ డబ్బా అది.

రెండోసారి సారే లేచి పలకకు ఎరుపు పూశాడు. పూత సమంగా పడింది. తెల్లపొడి కొట్టిన కొన్ని క్షణాలకే పెద్దవ్వ నుదుటి మీద పాత గీత మెల్లగా ఊరి పైకి వచ్చింది. రాజలింగు ఊపిరి వదిలాడు. తర్వాత గొట్టం. అందరూ అతుకు మీదకు వంగారు. తెల్లగా ఉంది. ఇంకా తెల్లగానే ఉంది. దిలీప్ ఏదో అనబోయాడు. అప్పుడు అతుకు అంచున, కోడిపిల్ల కాలిగోరంత ఎరుపు మొలిచింది. చూస్తుండగానే పొడవు సాగింది.

దిలీప్ ఫోను పట్టుకుని బయటికి వెళ్లాడు. వెల్డర్లను మార్చిన సంగతి మళ్లీ ఎత్తలేదు. అతను నిజంగా అమాయకుడో కాదో తేల్చడం ఇంకో రోజు పని. వర్క్‌షాపులో ఉన్న గొట్టాలన్నీ ఎక్కడివక్కడ ఆపమని ధరణి అక్కడికక్కడే ఉత్తర్వు రాసింది.

మిగిలింది ల్యాబు సంగతి. మొదటి పరీక్ష ఎందుకు తప్పిందో రిపోర్టులో రాయాలి. రాస్తే విచారణ తేలేదాకా ల్యాబు గుర్తింపు ఆగిపోతుంది. చలికాలంలో సారు రిటైర్‌మెంటు. ల్యాబు మూతపడి ఉండగానే ఆయన వెళ్లిపోవాలి. రాజలింగు గుమ్మం దగ్గరే తచ్చాడుతున్నాడు. సుప్రజ లేని పని కల్పించుకుని అద్దాలు తుడుస్తోంది.

"నూనె అని రాస్తె సరిపోదా మేడం?" అన్నాడు రాజలింగు. "ల్యాబుల నూనె ఉంటది. ఎట్లనో అంటుకున్నది."

"నువ్వు చప్పుడు చెయ్యకు" అని సారు అతన్ని ఆపాడు. ధరణి వైపు తిరిగి, "ఏది జరిగిందో అది రాయి. నా పేరు రాయి. ఆమె పేరు మాత్రం రానియ్యకు. సర్కారు కాగితాలల్ల ఆమెకేం పని?" అన్నాడు.

ధరణి రాసింది. పండుగ రోజున ల్యాబు అధిపతి స్వయంగా నూనె, పసుపు, కుంకుమ పూయడం వల్ల అని రాసింది. సిబ్బంది ఆ సంగతి దాచడం వల్ల అని కూడా రాసింది. ఆ వాక్యం దగ్గర రాజలింగు ముఖం చూడలేకపోయింది. చదివి వినిపించింది. సారు సంతకం చేశాడు. పాత గొట్టం కింద చూసిన అదే సంతకం. ఆ పాత గొట్టం ముల్లు మాత్రం ఇంకా పూర్తిగా ఊడలేదని ధరణికి తెలుస్తూనే ఉంది. అది తన ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఊడదేమో.

పూర్వం సారుకు ఒక అలవాటుండేది. చదువైపోయి వెళ్లిపోయే పిల్లలను తార్నాక చౌరస్తా దాకా నడిచి వచ్చి సాగనంపేవాడు. బస్సు కదిలేటప్పుడు, చేరినంక ఫోన్ చెయ్యి బిడ్డా, అనేవాడు. ఇవాళ వస్తాడనుకోలేదు. కానీ సంచి భుజాన వేసుకునేసరికి ఆయన చెప్పులు తొడుక్కుంటున్నాడు.

ఇద్దరూ నడిచారు. సందు దగ్గర ఆయన అడుగు కొంచెం నెమ్మదించింది. ధరణి అడుగూ నెమ్మదించింది. రిపోర్టు ముంబైలో దాఖలయ్యేదాకా ఆ ఇంట్లో చాయ తాగకూడదు. ఆయనకూ తెలుసు, అందుకే పిలవలేదు. ముగ్గు లేని గేటు ముందు నుంచి ఇద్దరూ ముందుకు వెళ్లిపోయారు.

మెట్రో మెట్ల దగ్గర ఆయన ఆగాడు. మెట్లు ఎక్కుతూ ధరణి ఆ పాత మాట కోసం చెవి ఒగ్గింది. ఆయన చెయ్యి మాత్రం ఎత్తాడు. మాట అనలేదు.

రైల్లో నిలబడటానికి కూడా చోటు సరిగ్గా లేదు. తలుపులు మూసుకున్నాయి. సందు, భారతమ్మ ఇంటి డాబా, క్యాంపస్ చెట్లు కిందుగా వెనక్కి జరిగిపోయాయి. ఉగాది ముందర పంపిన రెండు వాక్యాలు గుర్తొచ్చాయి. అప్పుడూ ఫోనే చేయవలసింది అనుకుంది. మెట్టుగూడ స్టేషన్ రాగానే దిగి, జనం పోయేదాకా ఆగి, నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"చేరిన సార్" అంది.

"ఎక్కడికి?"

"మెట్టుగూడ."

"అది పక్క స్టేషనే కదా బిడ్డా." ఆయన గొంతులో తడి ఉందో, నవ్వుందో తెలియలేదు. వెనక ఆటోల మోత. ఆయన ఇంకా చౌరస్తాలోనే ఉన్నట్టున్నాడు.

"ఇవాళ మిమ్మల్ని అనుమానించిన సార్."

"చూసిన."

"అమ్మ పోయినప్పుడు రాలే."

ఆయన, ఆమె మీ బ్యాచ్ పిల్లలందర్ని అడిగింది చివరల, అన్నాడు. ధరణి ఎక్కడున్నది అని రెండుసార్లు అడిగింది. డ్యూటీల ఉన్నది అని చెప్పిన. అబద్ధం కాదు కదా, అన్నాడు.

అబద్ధం కాదు సార్ అంది ధరణి. ఇంకో రైలు వచ్చి ఆగింది, తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి, వెళ్లిపోయింది. ఆయన ఫోను పెట్టేయలేదు. ఆమె కూడా పెట్టేయలేదు.